టిరామిసు మూడు చెరువుల నీళ్ళు తాగించిందా?

గత సంచికలో పొయ్యి వెలిగించకుండా ఇంట్లో చేసుకునే టిరామిసు అనే ఇటలీ తీపి గురించి రాశాను. ఈ పేజీ మొదలుపెట్టాక ఒక్క వంటకానికి ఇన్ని ఉత్తరాలు ఎప్పుడూ రాలేదు. మెచ్చుకుంటూ వచ్చినవి తక్కువ. "మీరు చెప్పినట్టే చేశాం, కానీ..." అని మొదలైనవి ఎక్కువ. అందుకని ఈసారి పేజీ మొత్తం దానికే.

పాత సంచిక దగ్గర లేనివాళ్ళ కోసం కొలతలు ఇంకోసారి. 20 సెంటీమీటర్ల చదరపు గిన్నె, తొమ్మిది ముక్కలు వస్తాయి. మాస్కార్పోనే అనే మెత్తని మీగడ చీజ్ 250 గ్రాములు. 35 శాతం కొవ్వున్న విప్పింగ్ క్రీమ్ 250 మి.లీ. పంచదార పొడి 60 గ్రాములు. చక్కెర వేయని చిక్కటి కాఫీ 300 మి.లీ., పూర్తిగా చల్లారినది. సావొయార్ది బిస్కెట్లు 24. పైన చల్లడానికి తీపి లేని కోకో పొడి రెండు టీ స్పూన్లు. మాస్కార్పోనేలో పంచదార పొడి కలిపి మెత్తగా చేసుకోవడం, క్రీమ్‌ని విడిగా గిలకొట్టి అందులో కలపడం, బిస్కెట్లు కాఫీలో ముంచి పరవడం, మీద క్రీమ్, మళ్ళీ బిస్కెట్లు, మళ్ళీ క్రీమ్. రాత్రంతా ఫ్రిజ్. అంతే.

ఈ బిస్కెట్లకి ఇంగ్లీషులో లేడీఫింగర్ అని పేరు. బెండకాయలు దేనికమ్మా అని అడిగిన ఆవిడకి ఫోన్‌లోనే జవాబు చెప్పాను, ఇద్దరం నవ్వుకున్నాం. బెండకాయలు వద్దు.

మిగతా ఉత్తరాలన్నీ ఒకచోట పెట్టి చదివాక నాకు తెలిసిందేమిటంటే, తగాదాలన్నీ దాదాపు నీళ్ళ తగాదాలే. బిస్కెట్‌లోకి ఎక్కువగా వెళ్ళిన నీళ్ళు, క్రీమ్‌లోంచి బయటికి వచ్చిన నీళ్ళు, కోకో మీదికి ఎక్కిన నీళ్ళు. పొయ్యి మీద వండేవాటిల్లో నీళ్ళెక్కువైతే ఇంకో ఐదు నిమిషాలు మరిగిస్తాం, సర్దుకుంటుంది. దీనికి ఆ సదుపాయం లేదు. పోసిన నీరు పోసినట్టే గిన్నెలో కూర్చుంటుంది. సులువైన తీపి అన్నమాట నిజమే. మంట లేదు కదా అని అజాగ్రత్తగా చేస్తే మాత్రం మూడు చెరువుల నీళ్ళు తాగిస్తుంది.

ప్రశ్న: మీరు చెప్పినట్టే చేశాను మేడమ్. పొద్దున గిన్నెలోంచి ముక్క తీస్తే కింద పొర జావలా జారిపోయింది. గిన్నె అడుగున కాఫీ మడుగు కట్టింది. మధ్యలో కాఫీ చాలక ఇంకో కప్పు కలుపుకోవాల్సి వచ్చింది కూడా. బిస్కెట్లు మంచివి కావేమో అనిపిస్తోంది.

జవాబు: బిస్కెట్ల తప్పేం లేదమ్మా. "కాఫీ చాలక ఇంకో కప్పు కలిపాను" అన్నారు చూడండి, దొంగ అక్కడే దొరికాడు. 24 బిస్కెట్లకి 300 మి.లీ. కలిపితే చివర్లో గిన్నెలో కాస్త మిగలాలి. చాలలేదంటే బిస్కెట్లు తాగేశాయన్నమాట.

నేను ముప్ఫై ఏళ్ళు కెమిస్ట్రీ పాఠాలు చెప్పినదాన్ని. తూకం వేయనిదే దేన్నీ నమ్మను. ఒకసారి ఈ బిస్కెట్లనీ త్రాసులో పెట్టి చూశాను. పొడి బిస్కెట్ 8 గ్రాములుంది. ఒక వైపు ఒక క్షణం, తిప్పి ఇంకో క్షణం ముంచి తీస్తే 18 గ్రాములైంది. అంటే తన బరువు కంటే కొంచెం ఎక్కువ కాఫీ తాగింది. ఇంకో బిస్కెట్‌ని ఐదు క్షణాలు ఉంచి తీద్దామంటే సగం చేతిలోకి వచ్చింది, సగం కాఫీలో ఉండిపోయింది. దాన్ని తూచలేదు, తినేశాను.

ఈ బిస్కెట్‌లో వెన్న ఉండదు. గుడ్డు సొన నురుగులో పిండి కలిపి కాల్చినది. లోపలంతా గాలి గదులే. వెన్న ఉన్న బిస్కెట్ అయితే తడిని కాస్త ఆపుతుంది, ఇది స్పాంజిలా పీల్చేస్తుంది. కాబట్టి కాఫీని లోతైన కప్పులో కాదు, వెడల్పాటి పళ్ళెంలో పోసుకోండి. ఒక్కొక్కటే ముంచండి. నాలుగు ఒకేసారి వేశారంటే మొదటిది తీసేలోపు నాలుగోది మునిగిపోతుంది. ముంచినదాన్ని ఒకసారి విరిచి చూసుకోండి. మధ్యలో సన్నటి పొడి గీత, లేత పసుపు రంగులో కనిపించాలి. అది చూసి "అయ్యో, ఇంకా నానలేదు" అని మళ్ళీ ముంచడమే అందరూ చేసే పొరపాటు. ఆ గీతని రాత్రి ఫ్రిజ్‌లో క్రీమ్‌లోని తడి వచ్చి మెత్తబరుస్తుంది. బిస్కెట్ ఆ తడి తాగాలంటే దానికి కొంచెం దాహం మిగలాలి కదా.

ఇంకొకటి. కాఫీ వేడిగా ఉందా అని మిమ్మల్ని నేను అడగలేదు, మీరు చెప్పలేదు. గోరువెచ్చగా ఉన్నా వద్దు. వేడి కాఫీలో ఈ బిస్కెట్ ఇంకా తొందరగా విచ్చిపోతుంది, పైన వేసిన క్రీమ్ కూడా కరుగుతుంది. కాఫీని ముందు రోజు రాత్రే కలిపి పెట్టుకుంటే ఈ బాధే ఉండదు.

ఇంత చెబుతున్నానని నాకు మొదటిసారే కుదిరిందనుకోకండి. నా మొదటి టిరామిసుని మేం గ్లాసుల్లో పోసుకుని చెంచాలతో తాగాం.

ప్రశ్న: క్రీమ్ మొదట నున్నగా బాగుంది. ఇంకాస్త గట్టిపడుతుందని బీటర్ ఇంకో రెండు నిమిషాలు తిప్పాను. ఒక్కసారిగా రవ్వ రవ్వగా మారి పక్కన నీళ్ళు వదిలేసింది. అవతల చుట్టాలు వచ్చే వేళైంది. ఏడుపొచ్చింది.

జవాబు: ఏడవకండి, మీరు వెన్న తీశారు. హాస్యానికి అనడం లేదు, నిజంగా జరిగింది అదే. మాస్కార్పోనే బరువులో నలభై శాతం పైచిలుకు కొవ్వే. ఆ కొవ్వు చిన్న చిన్న బిందువులుగా విడివిడిగా ఉన్నంతసేపూ అది నున్నగా ఉంటుంది. ఎక్కువ తిప్పితే బిందువులు ఒకదానికొకటి తగిలి అతుక్కుని గడ్డలవుతాయి, మధ్యలో ఉన్న నీరు బయటికొస్తుంది. కవ్వంతో మీగడ చిలికితే జరిగేదీ ఇదే. కాకపోతే అక్కడ సంతోషిస్తాం, ఇక్కడ తల పట్టుకుంటాం.

నాకూ జరిగింది. బీటర్ తిరుగుతుండగా ఫోన్ మోగింది. "ఒక్క నిమిషమే" అని ఎత్తాను. అవతల మా వదిన. ఆవిడ ఫోన్ ఒక్క నిమిషంలో అయిన చరిత్ర లేదు. తిరిగి చూసేసరికి గిన్నెలో పసుపుపచ్చని రవ్వ, చుట్టూ తెల్లని నీళ్ళు. భోజనాలకి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆ రోజు అతిథులకి కాఫీ, బిస్కెట్లు ఇచ్చాం. సావొయార్ది బిస్కెట్లే, ఎవరికీ ఏం తెలియలేదు.

అప్పటి నుంచి మాస్కార్పోనేకి బీటర్ తగలనివ్వను. పంచదార పొడి వేసి గరిటెతోనో స్పాచులాతోనో అర నిమిషం మెదిపితే చాలు, మెత్తబడుతుంది. బీటర్ పని క్రీమ్ వరకే. క్రీమ్ ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినదై ఉండాలి, గిన్నె కూడా చల్లగా ఉండాలి. బీటర్ ఎత్తితే కొన లేచి, చివర కొంచెం వంగాలి. నిటారుగా నిలబడేదాకా పోవద్దు, కలిపేటప్పుడు ఇంకొంత గట్టిపడుతుంది. ఆ క్రీమ్‌ని మూడు విడతలుగా మాస్కార్పోనేలో వేసి, కింది నుంచి పైకి మడతపెడుతున్నట్టు చేత్తోనే కలపండి.

విరగడం మొదలై కాస్త గరగరగా ఉన్న దశలో పట్టుకుంటే దారి ఉంది. గిలకొట్టని చల్లని క్రీమ్ రెండు చెంచాలు పోసి, గరిటెతో నెమ్మదిగా కలపండి. చాలాసార్లు నున్నబడుతుంది. నీళ్ళు పూర్తిగా విడిపోయాక మాత్రం దాన్ని టిరామిసుకి వాడకండి. పైకి అతికినట్టు కనిపించినా రాత్రికి ఆ నీళ్ళు కింది బిస్కెట్లలోకే దిగుతాయి. అప్పుడు మీరు కూడా పై ఉత్తరం రాయాల్సి వస్తుంది. వడకట్టి బ్రెడ్ మీద రాసుకుంటే బాగుంటుంది.

ప్రశ్న: మీరు "ఆరు చెంచాల పంచదార" అని రాశారు. ఏ చెంచా? టీ చెంచానా, వడ్డించే చెంచానా? పొడా, పలుకా? బాధ్యతగా రాయాలి కదా.

జవాబు: నిజమే. తప్పు నాదే. టేబుల్ స్పూన్ అని రాయాల్సింది, పొడి అని కూడా. అందుకే ఈసారి గ్రాములు ఇచ్చాను. పలుకు పంచదార వేస్తే చల్లని మాస్కార్పోనేలో కరగదు, పంటికింద తగులుతుంది. కరిగించాలని మళ్ళీ మళ్ళీ తిప్పితే పై ఉత్తరంలో జరిగిందే జరుగుతుంది.

ప్రశ్న: మా కోడలికి ఐదో నెల. ఏదో వీడియోలో చూసి టిరామిసు తినాలని ఉందంటోంది. అందులో పచ్చి గుడ్లు వేస్తారని మా పెద్దమ్మాయి భయపెట్టింది. పెట్టొచ్చా, వద్దా? నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ పెద్దమ్మాయి భయపెట్టడంలో తప్పు లేదండీ. ఇటలీ వాళ్ళ అసలు పద్ధతిలో పచ్చసొనలు పంచదారతో గిలకొట్టి మాస్కార్పోనేలో కలుపుతారు. మంట మీద పెట్టరు. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది. గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్దవయసు వాళ్ళు, జబ్బుపడి లేచినవాళ్ళు అలాంటిది తినకూడదు. బయట తినేటప్పుడు కూడా మీ కోడలు "గుడ్డు పచ్చిగా వేశారా" అని అడిగి తెలుసుకోవాలి.

నేను ఇచ్చిన కొలతల్లో క్రీమ్‌లో గుడ్డే లేదు, గమనించారు కదా. బిస్కెట్‌లో ఉన్న గుడ్డు కాల్చినదే. కాబట్టి ఇంట్లో అదే చేసిపెట్టండి. మాస్కార్పోనే డబ్బా మీదా, క్రీమ్ డబ్బా మీదా "పాశ్చరైజ్డ్" అని ఉందో లేదో చూసుకోండి. తెరిచి చాలా రోజులైన డబ్బా వద్దు. కాఫీ విషయం: గర్భిణులు రోజు మొత్తం మీద 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదని డాక్టర్లు చెప్పే మాట. ఒక ముక్కలోకి వచ్చేది ఒక కప్పు కాఫీలో ఉండేదానికన్నా చాలా తక్కువ. అయినా ఆవిడ రోజూ కాఫీ, టీ తాగే మనిషైతే కెఫీన్ తీసేసిన కాఫీ పొడి వాడండి, రుచిలో పెద్ద తేడా రాదు. మద్యం అసలు కలపొద్దు. చేసిన మర్నాడే తినిపించేయండి, మిగిలింది మూడో రోజుకి దాచకండి. ఆవిడకి వేరే ఆరోగ్య సమస్య ఏదైనా ఉంటే డాక్టర్‌ని అడిగి ఆ మాట ప్రకారం చేయండి.

గుడ్డు రుచే కావాలనుకునే మిగతావాళ్ళకి ఒక మధ్యే మార్గం. పొయ్యి ఎక్కని తీపి అంటూనే పొయ్యి దగ్గరికి పంపుతున్నానని అనుకోకండి, పది నిమిషాల పని. నాలుగు పచ్చసొనలు, 80 గ్రాముల పంచదార ఒక గిన్నెలో వేసి, సన్నగా కాగుతున్న నీళ్ళ గిన్నె మీద పెట్టండి. పై గిన్నె అడుగు కింది నీళ్ళకి తగలకూడదు. ఆపకుండా గిలకొడుతూ ఉండాలి. ఆపితే అంచుల్లో సొన ఉడికిపోయి ముక్కలు తేలుతాయి. థర్మామీటర్ 71 డిగ్రీల సెల్సియస్ చూపిస్తే బ్యాక్టీరియా భయం పోయినట్టే. నేను 75 దాకా వెళ్తాను, నా మనశ్శాంతి కోసం. రంగు పాలిపోయి, చిక్కబడి, గరిటె ఎత్తితే రిబ్బన్‌లా జారుతుంది. పూర్తిగా చల్లారాకే మాస్కార్పోనేలో కలపాలి. ఈ పంచదారే సరిపోతుంది, విడిగా పొడి వేయొద్దు. థర్మామీటర్ లేకపోతే ఈ జోలికి పోకుండా గుడ్డు లేనిదే చేసుకోండి. కంటి అంచనా మీద ఆరోగ్యం పెట్టలేం.

ప్రశ్న: మాస్కార్పోనే మా దగ్గర దొరకదు. క్రీమ్ చీజ్ వాడొచ్చా?

జవాబు: వాడొచ్చు, కానీ అది ఇది కాదు. క్రీమ్ చీజ్‌కి పులుపుంటుంది, ఉప్పుంటుంది. మాస్కార్పోనేకి ఆ రెండూ లేవు, అందుకే కాఫీ చేదు పక్కన అది హాయిగా ఉంటుంది. క్రీమ్ చీజ్‌తో చేస్తే తినేవాళ్ళు "చీజ్‌కేక్ బాగుంది" అంటారు. మీకు ఒళ్ళు మండుతుంది.

అంతకంటే ఇంట్లోనే మాస్కార్పోనే చేసుకోండి. ఇటలీలో లొంబార్దీ ప్రాంతం దాని పుట్టిల్లు. చీజ్ అంటారు గానీ, చీజ్‌కి పాలు గడ్డకట్టడానికి వేసే రెన్నెట్ ఇందులో వేయరు, పులియబెట్టరు. వేడి మీగడలో కాస్త ఆమ్లం కలిపితే చిక్కబడుతుంది, అంతే. 35 శాతం కొవ్వున్న క్రీమ్ అర లీటరు అడుగు మందంగా ఉన్న గిన్నెలో పోసి సన్న మంట మీద 85 డిగ్రీల దాకా వేడి చేయండి. మరగకూడదు. వడకట్టిన నిమ్మరసం ఒక టేబుల్ స్పూన్ పోసి, అదే వేడిలో ఐదు నిమిషాలు నెమ్మదిగా కలుపుతూ ఉండండి. పాలు విరిగినట్టు ముక్కలు ముక్కలు అవుతుందని చాలామంది ఎదురుచూస్తూ నిమ్మరసం ఇంకా ఇంకా పోస్తారు. అలా అవదు. కొవ్వు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ కాబట్టి గడ్డకట్టకుండా చిక్కబడుతుందంతే. గరిటె వెనక పట్టుకుని నిలిస్తే అయినట్టే. దింపి చల్లార్చి, నాలుగు మడతల పలుచని గుడ్డ వేసిన జల్లెడలో పోసి, కింద గిన్నె పెట్టి, మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. కిందికి దిగే నీరు కొంచెమే ఉంటుంది. నీరు రాలేదని గుడ్డని పిండొద్దు. పొద్దునకి గరిటె నిలబడేంత గట్టిగా అవుతుంది. మూడు రోజుల్లో వాడేయండి.

తక్కువ కొవ్వున్న క్రీమ్‌తో చేయొచ్చా అని మరో ఇద్దరు అడిగారు. 20, 25 శాతం క్రీమ్ గిలకొడితే నురుగు కూడా నిలవదు. కొవ్వు తగ్గించుకోవాలంటే ముక్క చిన్నది కోసుకోండి.

ప్రశ్న: నాకు పదేళ్ళు. నేనే సొంతంగా టిరామిసు చేసి అమ్మ పుట్టినరోజుకి ఇవ్వాలి. అమ్మ పొయ్యి దగ్గరికి రానివ్వదు. నాకు కాఫీ కూడా ఇవ్వరు. ఏం చేయాలి ఆంటీ?

జవాబు: నీ ఉత్తరం చదివి నాకు భలే సంతోషమేసింది నాన్నా. పొయ్యి అక్కర్లేదు, కాఫీ కూడా అక్కర్లేదు. నీకు కావాల్సింది స్ట్రాబెర్రీలు. 300 గ్రాములు తీసుకో. కడిగి, తొడిమలు తీసి, ముక్కలు కోయాలి. కత్తి దగ్గర మాత్రం నాన్నని పిలువు. ముక్కల మీద రెండు చెంచాల పంచదార చల్లి అరగంట వదిలేయ్. వెళ్ళి ఆడుకుని రా. వచ్చేసరికి గిన్నెలో ఎర్రటి రసం ఊరి ఉంటుంది. నువ్వేం పిండలేదు, నొక్కలేదు, మరి రసం ఎలా వచ్చిందంటావా? పంచదారే పండులోని నీళ్ళని బయటికి లాగింది. దీని పేరు ఆస్మాసిస్. పెద్ద తరగతుల్లో చదువుతావు, అప్పుడు నన్ను తలుచుకో.

రసం వడకట్టి చూడు. తక్కువ అనిపిస్తే నారింజ రసం కలుపు. బిస్కెట్లు ఆ రసంలో ముంచాలి. ముంచేటప్పుడు "ఒకటి" అని తిప్పి, "రెండు" అని తీసెయ్. మూడు అన్నావంటే విరిగిపోతుంది. క్రీమ్ గిలకొట్టే పని నాన్నది, కలిపేది నువ్వు. పెద్ద గిన్నె వద్దు, గాజు గ్లాసుల్లో పేర్చు. బిస్కెట్ ముక్కలు, క్రీమ్, పండు ముక్కలు, మళ్ళీ అలాగే. పొరలు బయటికి కనిపిస్తాయి, కోయడం తప్పుతుంది. పైన కోకో బదులు ఒక పండు పెట్టు. పుట్టినరోజు ముందు రాత్రి చేసి, ఫ్రిజ్‌లో పెద్ద గిన్నెల వెనకాల దాచు. అమ్మ చూసినా చూడనట్టే ఉంటుందిలే.

ప్రశ్న: మా వారు టిరామిసు రాజుల కాలం నాటిదనీ, కొన్ని వందల ఏళ్ళ చరిత్ర ఉందనీ వాదిస్తున్నారు. నేను కాదంటున్నాను. ఎవరు గెలిచినట్టు?

జవాబు: మీరే, కానీ ఆయనకి ఒక ముక్క ఊరటగా ఇవ్వొచ్చు. బిస్కెట్ పాతదే. సావొయార్ది అన్న పేరు సావోయ్ రాజవంశం నుంచి వచ్చింది, ఆ ఆస్థానం నాటిదని చెబుతారు. టిరామిసు మాత్రం మన అమ్మల వయసుది. ఉత్తర ఇటలీలో ట్రెవీజో అనే ఊళ్ళో లె బెక్కెరీ అనే రెస్టారెంట్ ఉండేది. యజమాని ఆదో కంపెఓల్. ఆయన భార్య ఆల్బా, అక్కడ మిఠాయిలు చేసే రొబెర్తో లింగ్వనొత్తో కలిసి దీన్ని రూపొందించారనీ, 1972లో అది ఆ రెస్టారెంట్ మెనూలోకి ఎక్కిందనీ ఎక్కువగా వినిపించే కథ. కంపెఓల్ 2021లో, లింగ్వనొత్తో 2024లో చనిపోయారు. ఇద్దరి మరణవార్తలూ ప్రపంచమంతా పత్రికల్లో వచ్చాయి. అంత కొత్త వంటకం ఇది.

పక్కనే ఉన్న ఫ్రియులి వెనెజియా జూలియా ప్రాంతం వాళ్ళు ఈ కథ ఒప్పుకోరు. తొల్మెత్సో ఊళ్ళో నోర్మా పియెల్లి అనే ఆవిడ తమ హోటల్లో 1950లలోనే చేసిందంటారు. 2017లో ఇటలీ వ్యవసాయ శాఖ తన సంప్రదాయ వంటకాల జాబితాలో టిరామిసుని ఫ్రియులి పేరు మీద చేర్చింది. ట్రెవీజో ఉన్న వెనెతో ప్రాంతం భగ్గుమంది. మీ ఇంట్లో తగువు దాని ముందు ఏపాటిది?

పేరుకి అర్థం "నన్ను పైకి లేపు" అని. నీరసించినవాళ్ళకి పచ్చసొన, పంచదార కలిపి గిలకొట్టి ఇచ్చే అలవాటు ట్రెవీజోలో ఎప్పటి నుంచో ఉంది. దాంట్లోంచి పుట్టిన పేరే.

ప్రశ్న: మార్సాలా వైన్ గానీ రమ్ గానీ వేయకపోతే అది అసలు టిరామిసు కాదని మా స్నేహితురాలు తేల్చేసింది.

జవాబు: లె బెక్కెరీ వంటకంలో ఉన్నవి ఇవి: 12 పచ్చసొనలు, అర కిలో పంచదార, కిలో మాస్కార్పోనే, 60 సావొయార్ది బిస్కెట్లు, కాఫీ, కోకో. మద్యం చుక్క లేదు. తెల్లసొన కూడా లేదు, గిలకొట్టిన క్రీమ్ కూడా లేదు. ఆ లెక్కన మీ స్నేహితురాలు చేసేదీ, నేను చేసేదీ రెండూ అసలువి కావు. ఆవిడకి చెప్పండి, శాంతిస్తుంది.

ప్రశ్న: సాయంత్రం చుట్టాలొస్తున్నారు. రాత్రంతా ఫ్రిజ్‌లో అంటే ఎలా? ఫ్రీజర్‌లో గంటలో అవదా?

జవాబు: అవదు. గంటలో అంచులు గడ్డకడతాయి, మధ్య భాగం అలాగే ఉంటుంది. చల్లబడటం ఒక్కటే అయితే ఫ్రీజర్ చేసిపెట్టేది. మనకి కావాల్సింది కాఫీ బిస్కెట్ అంతా సమంగా పాకడం, బిస్కెట్ పొడి గీత క్రీమ్ తడి తాగడం. దానికి గంటలు పడతాయి. ఆరు గంటలు మరీ తక్కువ, ఎనిమిది బాగుంటుంది, పన్నెండు ఇంకా బాగుంటుంది. అంత టైమ్ లేకపోతే చిన్న గ్లాసుల్లో చేయండి, మూడు గంటలకి తినేలా ఉంటుంది. దాచుకోవడానికైతే ఫ్రీజర్ మంచిదే. కోకో చల్లకుండా, గట్టిగా మూతపెట్టి ఉంచి, తినే ముందు రోజు కింది ఫ్రిజ్‌లోకి మార్చుకోండి. ఫ్రిజ్‌లో మామూలుగా రెండు రోజులు, మూడో రోజుకి అయిపోవాలి.

ప్రశ్న: పైన చల్లిన కోకో తెల్లారేసరికి బురదలా, మచ్చలు మచ్చలుగా అయింది.

జవాబు: రాత్రే చల్లారు కదా. క్రీమ్‌లో తడి ఉంది, ఫ్రిజ్‌లో చెమ్మ ఉంది. కోకో రెండింటినీ పీల్చుకుంటుంది. వడ్డించే ముందు చిన్న టీ జల్లెడతో చల్లండి. చెంచాతో చల్లితే కుప్పలు పడుతుంది, తినేవాళ్ళు ఊపిరి పీల్చారంటే పొలమారుతుంది. తాగే తీపి చాక్లెట్ పొడి వద్దు, అందులో పంచదార ఉంటుంది, అది ఇంకా తొందరగా నీరవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు మూత పెట్టండి, లేకపోతే పక్కనున్న ఉల్లిపాయ వాసన మీ టిరామిసుకి ఎక్కుతుంది. క్రీమ్‌లోని కొవ్వుకి వాసనలు పట్టుకోవడంలో సాటి లేదు.

ప్రశ్న: అన్నీ బాగా కుదిరాయి కానీ గిన్నెలోంచి మొదటి ముక్క తీసేటప్పుడు చితికిపోయింది. అత్తగారికి అదే పెట్టాల్సి వచ్చింది.

జవాబు: కత్తిని వేడి నీళ్ళలో ముంచి, తుడిచి కోయండి. ప్రతి గీతకీ మళ్ళీ ముంచి తుడవాలి. ముందు గిన్నె అంతా తొమ్మిది ముక్కలుగా గీసుకుని, ఆ తర్వాత మూల నుంచి వెడల్పాటి అట్లకాడతో ఎత్తండి. ఇంత చేసినా మొదటి ముక్క చితుకుతుంది. పక్కన ఖాళీ లేక అట్లకాడ కిందికి దూరదు కాబట్టి. నేను దాన్ని వడ్డించే ముందే వంటగదిలో నిలబడి తినేస్తాను. మీ అత్తగారికి రెండోది పెట్టండి.